నల్లరంగు పూసిన రాజు

అల్లం వేసి మరిగించిన కాఫీ వాసన ఎక్కడ తగిలినా గల్ఫ్‌లో, జిదాఫ్స్ ఊళ్లోని మా ఒంటిగది గుర్తొస్తుంది. అమ్మ నన్ను బడి నుంచి తెచ్చి, అన్నం పెట్టి, బయట తాళం వేసి ఇళ్లల్లో పనికి పోయేది. సాయంత్రం దాకా నేను కిటికీ చువ్వలు పట్టుకొని నిలబడేదాన్ని.

అవతల వరండాలో పక్కింటి సూడాన్ ఆంటీ ఆ కాఫీ కాచేది. ఆమె వాళ్ల దేశంలో టీచరట. ఒకరోజు కిటికీలోంచి నా పుస్తకంలో తెల్లగా ఉన్న ఈజిప్టు రాజు బొమ్మ చూసి, "నైలు నది మాది కూడా. ఆ రాజుల్లో మా రంగువాళ్లూ ఉన్నారు" అంది.

అద్దంలో చూసుకున్నాను. నాదీ ఆమె రంగే. అయితే నేనూ ఆ రాజుల పిల్లనే, అమ్మ ఆ సంగతి దాచిపెట్టిందనుకున్నాను. రాజుకు నల్లరంగు పూశాను.

అది చూసి, "పుస్తకంలో ఉన్నదే నేర్పించండి" అని మా బడి టీచర్ డైరీలో రాసి పంపింది. నాన్న చదివి చెప్తే అమ్మ హడలిపోయింది.

"బడిల నుంచి తీసేస్తే ఎట్లనే?" అని మర్నాడు పనికి పోతూ, ఆంటీతో మాట్లాడకుండా కిటికీ కూడా మూసేసింది.

"మరి మన రాజులెవరమ్మా?"

చెప్పులు తొడుక్కుంటున్న అమ్మ ఆగింది. "మనకు రాజులెక్కడోళ్లు బిడ్డా! దొరలుండిరి. వాళ్ల గడి బంగ్ల ముంగట మా నాయన చెప్పులు చేతుల పట్టుకొని నడిచెటోడు."

తాళం పడింది. చీకటి గదిలో కూర్చొని ఏడ్చాను.

మా ఇంటి చరిత్ర అమ్మ నోట విన్నది ఆ ఒక్కసారే. ఆ రోజు నేనది అబద్ధమనుకున్నాను.