ఐదున్నర గంటల బోర్డు

ప్రింటరు పాడైందంటే బాగుచెయ్యడానికి ఈ రోజు బెల్లం తూచే కాటాకి వెళ్ళాను. అక్కడి లైనక్స్ కంప్యూటర్ ఇచ్చే చీటీలో టైము ఎప్పుడూ ఐదున్నర గంటలు వెనకేనట. దానికి మందుగా గోడకి రంగుల బోర్డు: "చీటీ టైముకి ఐదున్నర గంటలు కలుపుకోవలెను". ఒక రైతు కలిపి, ఇంకో రైతు కలపకుండా, వంతు నాదంటే నాదని కొట్టుకుంటున్నారు. నాకు ఒళ్ళు మండింది. ఒక్క కమాండుతో టైమ్‌జోన్ గ్రీన్‌విచ్ నుంచి ఇండియాకి మార్చేశాను.

కాటా ఓనరు లబోదిబోమన్నాడు. "ఏటి బావా, ఇలా సేసీసేవు! మొన్ననే కదా బోర్డు రాయించేను. జనాలకి కలుపుకోడం ఇప్పుడిప్పుడే అలవాటవతంది. ఎప్పట్లాగే పెట్టీ!"

"పెట్టను. ఆ బోర్డు తీసీ బావా" అన్నాను.

తీయలేదు. నేనే పీకి, బండి మీద పెట్టుకుని వచ్చేశాను.

మీలో ఎవరికైనా రోజుకి ఇంకో ఐదున్నర గంటలు కావాలంటే చెప్పండి. బోర్డు మా ఇంట్లోనే ఉంది.