మొదట కట్టేసింది మా ఇంటి కుళాయే

నిన్న మా అపార్టుమెంటు వాచ్‌మన్ వచ్చి, "అమ్మగారూ, రేపు రెండు గంటలే నీళ్ళండీ" అని చెప్పి వెళ్ళాడు. అదేదో ప్రళయమన్నట్టు మా మనవరాలు ఇంట్లో గిన్నెలన్నీ నింపడం మొదలుపెట్టింది. నాకు నవ్వొచ్చింది. ఆ వెనకే, బందరుకు కాపురానికి వచ్చిన తొలి వేసవి గుర్తొచ్చింది.

మాది గుడివాడ పక్కన పల్లె. పెరటి గుమ్మం దిగితే కాలువ. నీళ్ళ కోసం నిలబడడమంటే ఏమిటో ఎరగను. బందరులో ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్ళే; కాలువ నీళ్ళతో నింపుకున్న చెరువే ఊరందరి గొంతూ తడపాలి. ఆ చెరువునీ కుళాయిల్నీ చూసుకునే మునిసిపాలిటీ ఓవర్సీరు మా మావయ్యగారు. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. కాలువ ఎండింది. చెరువు మెట్లు ఒక్కొక్కటే బయటపడుతుంటే మావయ్యగారు అన్నం మధ్యలోనే లేచి చెరువుగట్టుకి వెళ్ళేవారు. చివరికి టముకు వేయించారు: ఆస్పత్రికి మాత్రం రోజూ నీళ్ళు, మిగతా ఊరికి రోజు విడిచి రోజు, అదీ వీధి కుళాయి దగ్గరే. ఇళ్ళలో కుళాయిలన్నీ కట్టేస్తారు. మొదట కట్టేసింది మాదే.

అత్తయ్యగారు అగ్గి మీద గుగ్గిలమయ్యారు. "ఊరికి నీళ్ళిచ్చే ఇంట్లో నీళ్ళుండవా? కొత్త కోడల్ని బిందె ఇచ్చి వీధిలో నిలబెడతారా?"

"మనది వదిలి, ఎదుటివాళ్ళది ఏ మొహంతో కట్టమంటావ్?" అన్నారాయన తలెత్తకుండా.

అత్తయ్యగారు రెండ్రోజులు గిన్నెల మీద కోపం తీర్చుకున్నారు. మూడోరోజు తనే పెద్ద బిందె తీసి, చిన్నది నాకిచ్చి బయల్దేరారు. వరసలో మా పక్కింటి సాయిబుగారి భార్య మాకు చోటిచ్చేది. నిజం చెప్పొద్దూ, బందరులో నాకు స్నేహాలన్నీ ఆ వరసలోనే కుదిరాయి.

ఒకరోజు నీళ్ళతో వచ్చేసరికి వరండాలో ఒక కౌన్సిలరుగారు నిలబడి ఉన్నారు. ఎల్లుండి వాళ్ళమ్మాయి పెళ్ళి. "రెండ్రోజులు మా కుళాయి వదలండి ఓవర్సీరుగారూ. లేకపోతే మీ ఉద్యోగం సంగతి మీటింగులో మాట్లాడాల్సొస్తుంది" అంటున్నారు. మావయ్యగారి మొహం పాలిపోయింది. అయినా, "మాట్లాడండి. వాల్వు మాత్రం తిప్పనండీ" అన్నారు.

చంకన బిందెతోనే అత్తయ్యగారు ముందుకొచ్చారు. "పిల్ల పెళ్ళి ఆగకూడదు అన్నయ్యగారూ. మా వీధి ఆడవాళ్ళం మా వంతు నీళ్ళలోంచి తలా ఒక బిందె తెచ్చి పోస్తాం. కుళాయి సంగతి మాత్రం అడక్కండి." కౌన్సిలరుగారు ఆవిడ తడి చీరవైపు, బిందెవైపు చూసి, మెట్లు దిగి వెళ్ళిపోయారు.

పెళ్ళినాటి పొద్దున్న బిందెలతో నవ్వుకుంటూ బారుగా వెళ్ళాం. ముందు సాయిబుగారి భార్య, వెనక అత్తయ్యగారు, ఆ వెనక నేను. కౌన్సిలరుగారు గేటు దగ్గర చేతులు జోడించి నిలబడ్డారు. మావయ్యగారి ఉద్యోగం మాట మీటింగులో ఎత్తనే లేదు. భోజనాలకి మా వీధి వీధంతా పిలుపొచ్చింది. తర్వాత కొన్నాళ్ళకి కాలువ వదిలారు; చెరువు అడుగంటకుండానే గట్టెక్కాం.

ఆ వేసవి ఎన్నాళ్ళుందో ఇప్పుడు చెప్పలేను. అప్పుడు ఒక్కోరోజూ ఒక ఏడులా సాగింది. ఇంత దూరం వచ్చాక, ఆ ఏడంతా మేం నవ్వుకుంటూ నడిచిన ఒక్క పొద్దులా మిగిలింది.