పళ్ళ కోసం వచ్చినాయన

బుడాపెస్టుకి విదేశీయులు రాజభవనాలూ వంతెనలూ చూడ్డానికి వస్తారని అందరూ అనుకుంటారు. పిరోష్కాని అడిగితే అసలు సంగతి చెబుతుంది. సగం మంది వచ్చేది పళ్ళు కట్టించుకోవడానికి. వాళ్ళ దేశాల కంటే మా ఊళ్ళో ఆ పని చవక. పాత పళ్ళు పీకడానికీ కొత్తవి పెట్టడానికీ మధ్య చిగుళ్ళు మానాలి కదా. ఆ ఖాళీ రోజుల్లో వాళ్ళకి ఊరు చూపించే ఏర్పాటు చెయ్యడమే ఒక దంతవైద్యశాలలో పిరోష్కా ఉద్యోగం.

ఆ పని ఆవిడ చేసినట్టు ఇంకొకరు చెయ్యలేరు. గైడు పుస్తకాలు పక్కన పడేసి, మనిషి నోరు చూసి, ఏ రోజు ఎక్కడికో రోజులు వేసేది. పీకిన మర్నాడు ఎక్కువ మాట్లాడకూడదు, ఎక్కువ నడవకూడదు. కాబట్టి రెండో నంబరు ట్రాములో కూర్చోబెట్టి దాన్యూబ్ ఒడ్డున అటూ ఇటూ తిప్పేది. ఆ పైరోజు కోట గుట్ట, అది కూడా బస్సులోనే. భోజనానికి నమిలే పని లేకుండా చల్లటి పుల్లచెర్రీ సూపు. వచ్చిన ప్రతివాడికీ వేడినీటి స్నానశాలల మీదే కన్ను. అక్కడ మాత్రం ఆవిడ చంటిపిల్లల్ని అదిలించినట్టు అదిలించేది.

"వేడినీళ్ళలో దిగారంటే రక్తం ఆగదు. అంత మునగాలనుంటే పళ్ళు మొలిచాక రండి!"

ఇంతా చేసి ఆవిడ పళ్ళు చూడాలి! పై వరసలో ముందు పళ్ళు రెండింటి మధ్యా అగ్గిపుల్ల దూరేంత సందు. ఎడమ కోరపన్ను బయటికి తిరిగి ఉంటుంది. పళ్ళ ఆసుపత్రిలో పనిచేస్తూ అలా తిరగడమేమిటని డాక్టరు గారు సరదాగా సాధిస్తూ ఉండేవాడు. ఒక్క పూటలో సరిచేస్తానని బతిమాలేవాడు కూడా.

"వీటి జోలికి మాత్రం రాకండి డాక్టరు గారూ. ఇవి మా నాన్నవి," అనేది పిరోష్కా.

తండ్రిని ఆవిడ చూడలేదు. పంతొమ్మిదివందల యాభై ఆరులో రష్యన్ల పెత్తనం మీద ఊరు తిరగబడ్డప్పుడు ఆవిడ ఇంకా తల్లి కడుపులోనే ఉంది. రొట్టెల కోసం వరసలో నిలబడి ఉండగా గుండు తగిలి పోయాడనీ, ముందు ఒక పార్కులో పూడ్చారనీ, తర్వాత కెరెపెషి శ్మశానంలో పేరు తెలియని వాళ్ళ మధ్య పెట్టారనీ తల్లి ఎటెల్కా చెప్పింది. నడక వచ్చిన దగ్గర్నుంచీ ఏటా నవంబరు ఒకటిన, ఊరంతా తమ వాళ్ళ సమాధులకి వెళ్ళే రోజున, తల్లి వెంట వెళ్ళి ఒక కొయ్య గుర్తు ముందు కొవ్వొత్తి వెలిగించి చేమంతులు పెట్టేది. ఆ రోజుల్లో అక్కడ దీపం పెట్టడమంటే మాటలు కాదు. ఆ తిరుగుబాటులో పోయినవాళ్ళ కోసం ఎవరు వస్తున్నారో చూడ్డానికి పోలీసులు చెట్ల చాటున కాపలా ఉండేవాళ్ళు.

"బళ్ళో ఎవరైనా అడిగితే జబ్బు చేసి పోయాడని చెప్పవే," అని తల్లి నెత్తీ నోరూ కొట్టుకునేది. పిరోష్కా వింటేనా! గుండు తగిలి పోయాడని టీచరు మొహం మీదే చెప్పింది. తిరుగుబాటుదారుడి కూతురని ముద్రపడి, ఆ ఒక్క మాటతో కాలేజీ తలుపులు మూసుకుపోయాయి. చరిత్ర చదువుకోవాలని కలలు కన్న పిల్ల ట్రాములో టిక్కెట్లు తనిఖీ చేస్తూ ఇరవై ఏళ్ళు నిలువుకాళ్ళ మీద గడిపింది. అయినా ఏనాడూ విచారించలేదు. పోయిన తండ్రి కోసం ఆ మాత్రం చెయ్యలేనా అనుకుంది. పాత ప్రభుత్వం పోయాక తల్లీ కూతుళ్ళిద్దరూ వెళ్ళి ఆ కొయ్య గుర్తుకి ఎనామెల్ పలక బిగించి వచ్చారు. దాని మీద 'బార్తా వెండెల్' అని ఆయన పేరు. ఆ తర్వాత కొన్నాళ్ళకే ఎటెల్కా కన్నుమూసింది.

రెండువేల నాలుగు అక్టోబరు చివర్లో టొరంటో నుంచి గ్రాంట్ అనే పెద్దాయన వచ్చాడు. డెబ్భై ఏళ్ళుంటాయి. పై పళ్ళన్నీ పీకించుకుని, నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని పిరోష్కా ముందు కూర్చున్నాడు. ఇంగ్లీషు తప్ప ఇంకో ముక్క రాదన్నాడు. ఈ దేశం రావడం ఇదే మొదటిసారి అన్నాడు. ఆవిడ మామూలుగానే ట్రాము, కోట, సూపు అని రోజులు వేసింది.

కోట చూసిన మధ్యాహ్నం మరో ఇద్దరు ఐరిష్ పేషెంట్లతో కలిసి భోజనానికి కూర్చున్నారు. డాక్టరు వద్దన్నా వినకుండా మగవాళ్ళు ముగ్గురూ బీరు తెప్పించుకున్నారు. ఐరిష్ వాళ్ళు గ్లాసులు ఎత్తి తాకించబోయారు. గ్రాంట్ చెయ్యి చటుక్కున వెనక్కి పోయింది. గ్లాసు గుండెకి హత్తుకున్నాడు.

పిరోష్కా చెంచా గాల్లోనే ఆగిపోయింది. బీరు గ్లాసులు తాకించకపోవడం మా హంగేరీ వాళ్ళ పట్టుదల. ఎప్పుడో మా సేనానుల్ని చంపించి ఆస్ట్రియా వాళ్ళు అలా పండగ చేసుకున్నారట, ఆ కోపం ఇంకా చల్లారలేదు. టొరంటో ఆయనకి ఈ సంగతి ఎవరు నేర్పారు? అమ్మ దొంగా, నువ్వు మావాడివే, మరి ఈ నాటకం దేనికి అనుకుంది.

భోజనమయ్యాక గ్రాంట్ ఊరి పటం తెరిచి, ఎనిమిదో వార్డులో ఒక సందు మీద వేలు పెట్టాడు.

"పళ్ళు పెట్టేముందు చివరి రోజు ఇక్కడికి తీసుకెళతారా? ఇక్కడో ఇల్లుండాలి. మధ్యలో పెద్ద వాకిలి, చుట్టూ వసారాలు, వాకిట్లో చెస్ట్‌నట్ చెట్టు."

"అక్కడ చూడ్డానికేం లేదండీ," అంది పిరోష్కా. తను పుట్టి పెరిగిన ఇల్లు అది.

"ఫరవాలేదు. చెట్టు చూస్తాను."

ఆ సాయంత్రం ఆవిడ నేల మీద నడవలేదంటే నమ్మండి. ఈయన ఆ వసారాల్లో తిరిగినవాడే, అంటే నాన్నని ఎరిగినవాడు! నాన్న ఎలా నడిచేవాడు, ఎలా నవ్వేవాడు, చివరి రోజు ఏ కోటు వేసుకున్నాడు? నలభై ఏడేళ్ళుగా అడగడానికి మనిషి దొరకని ప్రశ్నలన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి. ఇల్లు చూపించే రోజున, ఆ చెట్టు కింద, మెల్లిగా అడగాలని నిశ్చయించుకుంది.

మర్నాడు ఏదో పని మీద పళ్ళు తయారుచేసే గదిలోకి వెళ్ళింది. అక్కడ పనిచేసే దెజో ఆవిడని అక్కా అని పిలుస్తాడు, ఒక్క నిమిషం నోరు మూసుకుని ఉండడు.

"దొంగక్కా! చివరికి నువ్వూ కట్టించుకుంటున్నావన్నమాట. నాతో ఒక్క ముక్క చెప్పలేదే!"

"ఏం కట్టించుకోవడంరా?"

దెజో సున్నపు అచ్చొకటి ఆవిడ చేతిలో పెట్టాడు. పై వరస పళ్ళు. ముందు రెండింటి మధ్య అగ్గిపుల్ల దూరేంత సందు. ఎడమ కోరపన్ను బయటికి తిరిగి ఉంది.

"ఇది నాది కాదు," అంది పిరోష్కా.

"భలేదానివే. ఇలాంటి నోరు ఊళ్ళో ఇంకెవరికుందీ?" అంటూ అచ్చు వెనక్కి తిప్పి చూశాడు. "అరె, నిజమే సుమా. గ్రాంట్ అని రాసుంది. పీకకముందు తీసింది. అవునవును, ఆ ముసలాయనే. ఈ సందు మాత్రం మళ్ళీ పెట్టొద్దు బాబూ, బతుకంతా దాన్ని చూసుకుని సిగ్గుపడ్డాను అని మరీ మరీ చెప్పాడట. అక్కా? ఏమైందక్కా, కూర్చో!"

కూర్చుందో, కూలబడిందో ఆవిడకే తెలియదు. చచ్చిపోయినవాడు నిన్న తన ఎదురుగా బీరు తాగాడు! పుల్లచెర్రీ సూపు చప్పగా ఉందని వంక పెట్టాడు! ట్రాము ఎక్కేటప్పుడు జారబోతే తనే రెక్క పట్టుకుని ఎక్కించింది. తను బతుకంతా పదిలంగా దాచుకున్న ఈ సందుని ఆయన బతుకంతా అసహ్యించుకున్నాడట!

ఆ రాత్రి ఆవిడ ఎలా గడిపిందో అడక్కండి. ఉత్త పళ్ళు చూసి ఎలా అనుకోవడం, ఎవరికైనా ఉండొచ్చు కదా అని వందసార్లు చెప్పుకుంది. ఆ ఇల్లు అడిగాడే అని వందసార్లు గుర్తొచ్చింది. చెప్పాలా, వద్దా? చెప్పకుండా విమానం ఎక్కిస్తే అమ్మ చెప్పిందే నిజంగా మిగిలిపోతుంది. చెబితే ఏం మిగులుతుందో ఆవిడకి అంతుపట్టలేదు.

తెల్లారితే నవంబరు ఒకటి. హోటలు దగ్గర గ్రాంట్ గడ్డం గీసుకుని, టై కట్టుకుని సిద్ధంగా ఉన్నాడు.

"ఇవాళ ఆ ఇల్లు కదా?" అన్నాడు ఇంగ్లీషులో.

"ముందు ఇంకో చోటు చూడాలి," అంది పిరోష్కా, మా భాషలో.

ఆయన మొహంలో నెత్తుటి చుక్క లేదు. అర్థం కానట్టు నటించబోయి, ఆవిడ చూపు చూసి ఊరుకున్నాడు. ట్రాము నిండా చేమంతులు పట్టుకున్న జనం.

శ్మశానంలో ఆవిడ కళ్ళు మూసుకునైనా వెళ్ళగల దారి అది. కొయ్య గుర్తు ముందు ఆగి పక్కకి తప్పుకుంది. పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని వంగి పలక చదివాడు. మళ్ళీ చదివాడు. బోసినోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది.

"ఎవరు... ఎవరు పెట్టారిది?" అన్నాడు. మా మాట, మా యాస.

"ఎటెల్కా. మేకు తను పట్టుకుంది. సుత్తితో కొట్టింది నేను."

ఆయన తలెత్తి చూశాడు. పిరోష్కా కావాలనే పెదవులు విప్పి పళ్ళు చూపించింది. పెద్దాయన చెయ్యి దానంతటదే తన ఖాళీ చిగుళ్ళ మీదికి వెళ్ళింది.

"నువ్వు... పుట్టావా?"

"పుట్టి నలభై ఏడేళ్ళయింది. ఇప్పుడా అడగడం?"

ఆయన పలక మీది పేరు వేలితో తడిమాడు. "ఇద్దరం దేశం దాటి పారిపోదామని స్టేషను దాకా వచ్చిందమ్మా ఎటెల్కా. సరిహద్దు బురదలో కడుపుతో నడవలేనంది. రైలెక్కితే నా మటుకు నువ్వు చచ్చినట్టే అంది. ఏదో కోపంలో అందనుకున్నాను."

"మా అమ్మ కోపంలో కూడా ఉత్తమాట అనదు," అంది పిరోష్కా. అంటూ ఉండగానే పలక బిగించిన రోజు, అమ్మ చేతులు కళ్ళ ముందుకొచ్చాయి. ఆ మేకు పట్టుకున్న వేళ్ళు ఒక్క పిసరు వణకలేదు. ఎన్ని నవంబర్లు! ఈ పక్కనే నిలబడి, నాన్నకి దణ్ణం పెట్టుకోమని తన తల నిమిరిందే! ఎలా చెయ్యగలిగావే అమ్మా?

"అక్కడ ఇంకో సంసారం అయింది. పిల్లలు పుట్టారు. ఇదిగో వెళతాను, అదిగో వెళతాను అనుకుంటూనే..."

"ఇప్పుడొచ్చింది మా కోసమా?"

అబద్ధమాడినా బాగుండేది. ఆయన తల దించుకున్నాడు. "పళ్ళ కోసం. ఇక్కడ చవకన్నారు. వచ్చాను కదా, ఆ చెట్టు చూసి పోదామని..."

"మీరు చచ్చిపోయారని చెప్పి నేను చదువు పోగొట్టుకున్నాను! జబ్బు చేసి పోయాడని చెప్పమన్నా చెప్పలేదు! మీ పరువు కోసం! బతికున్న మనిషి పరువు కోసం!" అని అరిచింది పిరోష్కా. పక్క సమాధుల దగ్గర జనం తలతిప్పి చూశారు. పెద్దాయన చెయ్యి చాపాడు. ఆవిడ అందుకోలేదు.

బ్యాగులోంచి తాళాల గుత్తి తీసి, పలక వెనక దూర్చి గట్టిగా లాగింది. తుప్పుపట్టిన మేకు ఊడివచ్చింది. పలకని కోటు అంచుతో తుడిచి ఆయన చేతిలో పెట్టింది.

"ఇది మీది. ఇల్లు ఇక్కణ్ణించి నడిచే దూరమే. దారి మీకు తెలుసు."

"నువ్వు రావా?"

"నాకిక్కడ పనుంది."

ఆయన పలక గుండెకి ఆనించుకుని, చేమంతులతో ఎదురొస్తున్న జనంలోంచి తడబడుతూ వెళ్ళాడు. కనుమరుగయ్యేదాకా ఆవిడ చూస్తూనే ఉంది, పిలవలేదు. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని ఎండుటాకులు ఊడ్చి, పూలు పెట్టి, కొవ్వొత్తి వెలిగించింది.

"నాన్నా, ఈ ఏడాది..." అని అలవాటుగా మొదలుపెట్టి, టక్కున ఆగిపోయింది. ఏటేటా ఇక్కడే కూర్చుని ఎన్ని చెప్పుకుంది! కాలేజీ రాకపోవడం, పెళ్ళి నిలవకపోవడం, అమ్మ పోవడం, అన్నీ విన్నది ఈ మట్టిలో ఉన్న మనిషే. గుండు తగిలి పోయింది కూడా ఈ మనిషే. ఈయన కోసం ఎవరు ఎక్కడ ఎదురుచూశారో! కొయ్య మీద పలక ఉన్న మేర మాత్రం కొత్తగా, తెల్లగా ఉంది.

పిరోష్కా దానిమీద చెయ్యి వేసింది.

"మీ పేరేమిటండీ?" అని అడిగింది.