ఇద్దరు ఏమస్‌లు, ఒకే సిపాయి

మాది అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడిన సిపాయిల వారసురాళ్ల సంఘం. మా శాఖలో సభ్యత్వం కావాలంటే, బ్రిటిషువాళ్లతో పోరాడిన సిపాయి మా ముత్తాతకు ముత్తాత అని చెప్పుకుంటే చాలదు. తరతరానికీ కాగితం చూపించాలి: పుట్టుక, పెళ్లి, చావు. ఒహాయో నది ఒడ్డున మా చిన్న ఊళ్లో ఆ కాగితాలు పరీక్షించే పని ముప్పయ్యొక్క ఏళ్లుగా లోర్నా హాస్కెట్‌ది. ఆవిడంటే పాస్టరుగారికి కూడా జంకే. నా దరఖాస్తులో మా అమ్మమ్మ పెళ్లికీ మా అమ్మ పుట్టుకకీ మధ్య ఐదు నెలలే ఉన్నాయని కనిపెట్టింది. కళ్లజోడు మీంచి ఒక్క చూపు చూసింది. ఆ చూపు నేనింకా మరిచిపోలేదు.

శాఖ పెట్టినవాళ్లలో లోర్నా అమ్మమ్మ ఒకరు. ఏమస్ పికెట్ అనే సిపాయి పేరు మీదే ఆ ఇంటి ఆడవాళ్లు మూడు తరాలుగా సభ్యులు.

పోయిన వసంతంలో స్కూలు బస్సు నడిపే రేలీన్ స్టబ్స్ దరఖాస్తు పట్టుకొచ్చింది. తమదీ ఏమస్ పికెట్ వంశమే అంది. నలభై ఏళ్ల కిందట వాళ్ల నాయనమ్మ ఇదే మాట చెబితే, కాగితాలు లేవని మావాళ్లు తిప్పి పంపారు. ఆ ముసలావిడ బతికినన్నాళ్లూ మా గడప తొక్కలేదు. ఆ సంగతి గుర్తొచ్చో ఏమో, లోర్నా పట్టుబట్టి కోర్టులో పాత భూమి దస్తావేజులన్నీ తిరగేసింది.

అక్కడ అసలు సంగతి బయటపడింది. ఏమస్ పికెట్‌లు ఇద్దరు, అన్నదమ్ముల బిడ్డలు. సిపాయికి ఇనాముగా వచ్చిన భూమి అమ్మినప్పుడు భార్య కూడా నిశానీ పెట్టింది. ఆమె పేరు పేషెన్స్. రేలీన్‌వాళ్లు పేషెన్స్ సంతానం. లోర్నావాళ్లు హన్నా సంతానం. ఆ హన్నా మొగుడు యుద్ధం జరిగినన్నాళ్లూ ఇంట్లో కూర్చుని పీపాలు చేసుకున్నాడు.

దరఖాస్తుకి ఆ దస్తావేజు జతచేస్తే రేలీన్ లోపలికి, లోర్నా బయటికి. చేయకపోతే అడిగే నాథుడు లేడు. లోర్నా మా వంటింట్లో కూర్చుని ఇదంతా చెప్పింది. ఆ కాగితాన్ని దొరికిన చోటే వదిలేయమని నేనే సలహా ఇచ్చాను, సిగ్గు లేకుండా.

“ఊళ్లో ఆడవాళ్లందరి కాగితాలకీ వంకలు పెట్టాను బెర్నీస్, ఇప్పుడు నాది దాచుకోమంటావా?” అంది.

మర్నాడే దస్తావేజుతో సహా దరఖాస్తుని సంఘం పెద్దాఫీసుకి పంపేసింది. రేలీన్‌ని చేర్చుకున్నట్టూ, లోర్నా వంశం చెల్లనట్టూ శరదృతువులో ఒకే కవరులో జవాబు వచ్చింది.

రేలీన్ ప్రమాణం చేసే రోజు లోర్నా తన సభ్యత్వపు రిబ్బను విప్పేసి అతిథుల వరసలో కూర్చుంది. ఇక కాగితాలు చూసేదెవరని అధ్యక్షురాలు అడిగితే అందరం లోర్నా వైపే చూశాం.

రేలీన్ ప్రమాణం ముగించి, తిన్నగా వెళ్లి లోర్నా పక్కన కూర్చుంది. ఖాళీ దరఖాస్తు ఒకటి ఆవిడ ఒళ్లో పెట్టింది.

“మీ నాన్నగారి వైపు సిపాయి ఎవరైనా ఉన్నాడేమోనని ఇంతవరకూ ఎవరూ వెతకలేదటగా. రేపు పిల్లల్ని స్కూల్లో దింపేసి వస్తాను. కోర్టుకి పోదాం పదండి” అంది.

లోర్నా కళ్లు తుడుచుకుని పెన్ను తీసింది. పేరు రాసింది. పుట్టిన తేదీ దగ్గర చెయ్యి ఆగిపోయింది.

“సర్టిఫికెట్ ఇంట్లో ఉంది. చూడకుండా ఎలా రాస్తాను?” అంది.