నడిచేవాళ్ళ స్టాంపు

వానకు తడిసిన ఉత్తరాల కట్ట ఒకటి ఈ ఉదయం సంచిలో వచ్చింది. విడదీస్తుంటే జిగురు వాసన గుప్పుమంది. ఇప్పుడు మా పోస్టాఫీసులో స్టాంపు అంటించే పని చాలా తగ్గిపోయింది. మిషనే చీటీ కొట్టి ఇస్తుంది. అయినా ఆ పుల్లటి వాసన తగిలితే చాలు, ఎస్తేరమ్మ గారు నా పక్కనే నిలబడి "వంకరగా అంటించొద్దు మే, అదీ ఒక మనిషే" అన్నట్టుంటుంది. మీరెవరూ ఆవిడను చూసి ఉండరు. తోటపల్లి గూడూరు దాటి సముద్రం వైపు వెళ్ళే దారిలో, తన ఇంటి ముందుగదిలోనే పోస్టాఫీసు నడిపిన మనిషి. ఉత్తరాలు పంచే ఉద్యోగంలో నేను చేరింది ఆవిడ దగ్గరే. పదేళ్ళు తిట్లు తిన్నాను. వాటిలో సగానికి నేను అర్హురాలిని కాదని ఇప్పటికీ నా నమ్మకం.

స్టాంపును మనిషి అనడం వెనక ఒక కథ ఉంది. ఒకసారి మాకు రోడ్డు భద్రత మీద స్టాంపులు వచ్చాయి. చీకటి రోడ్డు, ఎదురుగా లారీ దీపాలు, ఆ వెలుగులో తెల్లబట్టలతో నడిచి వస్తున్న మనిషి. బొటనవేలి గోరంత బొమ్మ. ఆవిడకు అది తెగ నచ్చేసింది. మామూలుగా తేదీ ముద్ర స్టాంపు మీద నిండుగా పడాలి. దీని మీద మాత్రం మూలకు తగిలీ తగలనట్టు కొట్టేవారు. నడిచే మనిషి ముఖం నల్లబడకూడదట. తనిఖీకి వచ్చినాయన మందలించినా మారలేదు. లారీ డ్రైవర్లు స్టాంపులు చూస్తూ బండి నడుపుతారా అని నేను ఎగతాళి చేశాను. "డ్రైవర్లకి కాదు మే, మీ అమ్మకి," అన్నారు.

మా అమ్మ పేరు పోలమ్మ. మా పాలెం ఆడవాళ్ళు పదకొండు మంది, మగవాళ్ళు వేటాడి తెచ్చిన చేపల్ని బుట్టలకెత్తుకుని, తెల్లవారకముందే సెంటరుకు నడిచి వెళ్ళేవాళ్ళు. నీచునీళ్ళ మరకలు కనబడవని అందరూ ముదురు రంగు చీరలే కట్టేవాళ్ళు. కృష్ణపట్నం రేవుకు పోయే లారీలదీ అదే రోడ్డు. అంతకుముందు చలికాలం, మంచులో ఒక లారీ అద్దం అమ్మ బుట్టకు తగిలి చేపలన్నీ రోడ్డు పాలయ్యాయి. అమ్మ ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పింది. నాకు మాత్రం ఆ రోజు నుంచి, ఆమె వెళ్ళి తిరిగొచ్చేదాకా మనసు మనసులో ఉండేది కాదు.

ఈస్టరు రోజున ఎస్తేరమ్మ గారి చర్చివాళ్ళు తెల్లబట్టలు కట్టుకుని చీకటితోనే సమాధుల తోటకు నడిచి వెళ్తారు. భర్త ఉన్నా లేకపోయినా అందరిదీ తెలుపే. ఆ ఏడు అలా వెళ్ళి వస్తుండగా, చీకట్లో తెలుపు దూరానికీ కనబడటం చూసి ఆవిడకు ఆలోచన తట్టింది. పదకొండు తెల్ల తువ్వాళ్ళు తెచ్చి, భుజాల నిండా కప్పుకోమని నాచేత పంపించారు. నాకైనా బుద్ధుండాలి కదా. ఆ పాలెంలో పుట్టిన దాన్నే, ఉద్యోగం తలకెక్కి ఏమీ తోచలేదు, ఉత్సాహంగా పంచి వచ్చాను. మర్నాటికి పదకొండూ మడతలు విప్పకుండా మా గడప మీద ఉన్నాయి.

"మీ నాయన వేటకి పొయ్యుండాడు," అంది అమ్మ నా ముఖం చూడకుండా. "ఆయన నడిసముద్రంలో ఉంటే ఈడ నేను తెల్లగుడ్డ కప్పుకోవాల్నా?"

తువ్వాళ్ళు తిరిగి ఇచ్చినప్పుడు ఆవిడ నన్ను తిట్టలేదు. దాంతో నాకు ఇంకా భయమేసింది. ఆఫీసు మూశాక నాతో పాలెం బయలుదేరారు. వలలు ఆరేసిన ఇసుకలో ఆడవాళ్ళందరి ముందూ నిలబడి, తనకు తెలియలేదని, తప్పు తనదేనని చెప్పారు. అంత పెద్దమనిషి అలా తలవంచుకుని నిలబడితే నాకు ఏడుపొచ్చింది. తర్వాత చేతిసంచిలోంచి ఆ స్టాంపు తీసి అమ్మ అరచేతిలో పెట్టారు.

"ఈ మనిషి లారీవాడికి కనబడతా ఉండాడు. మీరు కనబడటం లేదు. ఎట్టా చేద్దామో మీరే చెప్పండి."

అమ్మ ఆ బొమ్మను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసింది. "బుట్ట మీద కప్పుతాం," అంది చివరికి. "బుట్టకేమన్నా మొగుడుండాడా?"

ఆడవాళ్ళు పడీ పడీ నవ్వారు. ఎస్తేరమ్మ గారూ కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. ఆ వారమే పదకొండు మందికీ పేరుపేరునా ఉత్తరాలు రాశారు, రోడ్డుకు కుడిపక్కన ఎదురొచ్చే బండిని చూస్తూ నడవమని. ప్రతి కవరు మీదా ఆ స్టాంపే. తన పేరున పోస్టులో ఉత్తరం రావడం అమ్మకు అదే మొదలు. నాచేత మూడుసార్లు చదివించుకుంది.

మరుసటి చలికాలం మంచులో ఒక లారీ వాళ్ళకు నాలుగడుగుల దూరంలో కీచుమని ఆగింది. తెల్లగా ఏవో కదులుతున్నాయని బ్రేకు వేశానన్నాడట డ్రైవరు. ఈసారి అమ్మ నవ్వలేదు. చేపలమ్ముకుని తిన్నగా పోస్టాఫీసుకు వచ్చి, ఆ గుడ్డే తమను కాపాడిందని చెప్పింది. "గుడ్డ నాది, తెలివి నీది పోలమ్మా," అన్నారు ఆవిడ ముద్ర కొట్టడం ఆపకుండానే.

ఆవిడ పోయి మూడేళ్ళయింది. ఇప్పుడా ఉద్యోగం నాది. కాళ్ళ నొప్పులతో అమ్మ బుట్ట దించేసింది. ఆ రోడ్డు మీద ఇప్పుడు రొయ్యల కంపెనీలో పనిచేసే ఆడపిల్లలు నడుస్తున్నారు, చీకటితోనే, నల్ల చున్నీలు తలనిండా కప్పుకుని, కంపెనీ బస్సు ఆగే మలుపు దాకా. పోయిన నెల వాళ్ళకూ ఉత్తరాలు రాద్దామని కూర్చున్నాను. కవర్లు తీశాను, స్టాంపులు కూడా అంటించాను. మొదటి మాట రాయబోతూ ఆగిపోయాను. ఎస్తేరమ్మ గారి దగ్గర నేను నేర్చుకున్నదల్లా అలా ఆగడమే అనుకుంటాను. మర్నాడు వెళ్ళి వాళ్ళనే అడిగాను, ఈ నల్లవి ఎందుకని. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అందరిలోకీ చిన్నపిల్ల చెప్పింది.

"కనబడితే లారీలు ఆగుతాయి, సరే అక్కా. బైకుల మీద మగోళ్ళు గూడా ఆగతా ఉండారు."

వాళ్ళకు ఉత్తరాలు రాయలేదు. బస్సును ఊళ్ళోకే పంపమని కంపెనీకి రాశాను. జవాబు ఇంకా రాలేదు. వచ్చేదాకా రోజూ ఆ మలుపు దాకా వాళ్ళతో నేనూ నడుస్తున్నాను, లారీల వైపు నేను, రోడ్డు అంచు వైపు వాళ్ళు.