నాలుగు విజిళ్ళ చెరువు

"మూడో విజిలు వచ్చింది పాపా, ఆయన మూడు అన్లేదు."

మా మేనమామ పోయిన కబురు అత్త ఫోన్లో చెప్పిన తీరు ఇది. విన్న వెంటనే నాకు అంతా అర్థమైంది, ఎందుకంటే ఆ రోజు అమావాస్య. ముదలియార్‌పేటలో మామ పప్పుల అంగడి, దాని వెనకే ఇల్లు. ప్రతి అమావాస్యకూ ఆయన పొద్దున్నే అంగట్లో స్టవ్వు మీద కుక్కర్ పెట్టి, కందిపప్పు మూట మీద కూర్చొని, వీధికంతా వినబడేలా విజిళ్ళు లెక్కపెట్టేవారు. ఆ రోజు ఒకటన్నారు, రెండన్నారు. మూడోది కూసింది కానీ మనిషి గొంతు లేవలేదు. "ఏంది, కూర్చోనే నిద్రపోతివా?" అని కేకేస్తూ అత్త బయటికొచ్చేసరికి మూట మీదే ఒరిగి ఉన్నారట. ఆ ఏడుపుల్లో కుక్కర్ దించాలన్న ధ్యాస ఎవరికుంటుంది? పప్పు మాడి బొగ్గయింది.

చచ్చేటప్పుడు కూడా పప్పు ఉడికిస్తున్న మనిషేమిటని మీకు అనిపించవచ్చు. చెబుతాను.

పప్పు అమ్మేవాడికి అన్నిటికన్నా పెద్ద తిట్టు "నీ పప్పు ఉడకలేదు" అన్నది. ఆ మాట మామకు చెప్పుతో కొట్టినట్టు ఉండేది. ఎవరైనా అలా అంటే వెంటనే, "పప్పుది తప్పు కాదు తల్లీ, నీళ్ళది. మీ ఇంటి నీళ్ళు ఒక చెంబు పట్టుకురా" అనేవారు. ఉప్పునీళ్ళలో, సున్నపు నీళ్ళలో పప్పు మొండికేస్తుంది. అందుకని అంగట్లోనే స్టవ్వు, కుక్కర్ పెట్టుకున్నారు. వాళ్ళు తెచ్చిన నీళ్ళతో ఒకసారి, మంచినీళ్ళతో ఒకసారి ఉడికించి చూపి, తన పప్పు పరువు నిలబెట్టుకునేవారు. నాలుగు విజిళ్ళయ్యాక దించి, ఆవిరి పోయాక ఒక బద్దను వేళ్ళ మధ్య నలిపేవారు. పలుకు తగిలితే మళ్ళీ పొయ్యి మీదికి. అలా నలిపి నలిపి చివరికి ఏ వీధి నీళ్ళో వేళ్ళతోనే చెప్పగలిగే స్థితికి వచ్చారు. "ఇది తట్టాంచావడి బోరు నీళ్ళు గదా?" అని అడిగితే ఎదుటావిడ నోరెళ్ళబెట్టేది.

నేను బళ్ళో కెమిస్ట్రీ టీచర్ని. "పాత పప్పయినా ఉడకదు గదా మామా, ఇదేం పరీక్ష?" అని ఒకసారి నోరు జారాను. "మన అంగట్లో పాత పప్పా!" అని రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

మా వైపు భూమిలో గ్యాసు ఉందట, తవ్వుతారట అన్న మాట పుట్టినప్పుడు, అదేమిటో చెప్పమని నన్ను పిలిపించారు. ఎక్కడో లోతున రాతిలో ఇరుక్కున్న గ్యాసు కోసం నీళ్ళు, ఇసుక, రసాయన మందులు కలిపి బ్రహ్మాండమైన ఒత్తిడితో దూర్చి రాతిని పగలగొడతారని చెప్పాను. ఆ నీళ్ళలో కొన్ని ఉప్పునూ లోహాలనూ వెంటేసుకొని మళ్ళీ పైకొస్తాయని, వాటిని జాగ్రత్తగా దాచకపోతే, నిలవుంచిన గుంట గట్టు తెగితే, పక్కనున్న వాగులోకీ చెరువులోకీ చేరతాయని, చేపలకూ పైరుకూ చేటని చెప్పాను. ఆయన గడ్డం గోక్కున్నారు.

"అంటే భూమిని కుక్కర్ చేస్తారన్న మాట. సరే. వెయిట్ యాడ పెడతారు? సేఫ్టీ వాల్వు యాడుంది?"

"అంత వివరంగా నాకు తెలీదు మామా."

"నీకు తెలీదు, నాకు తెలీదు. పప్పునడుగుదాం."

అప్పటినుంచి ప్రతి అమావాస్యకూ ఊరి బయటి పెద్ద చెరువునుంచి ఒక బిందె నీళ్ళు. అదే కుక్కర్, కొలతకు అదే గిద్దె, అదే పప్పు. పలుకు లేకుండా ఉడకడానికి ఎన్ని విజిళ్ళు పట్టిందో క్యాలెండర్లో ఆ తేదీ గడిలో పెన్సిలుతో రాసేవారు. ఏడాది మారినా పాత క్యాలెండర్ తీసేవారు కాదు, దాని మీదే కొత్తది తగిలించేవారు. ఉడికిన చెరువు పప్పు ఇంట్లో ఎవరూ ముట్టకపోతే, "పరీక్ష పెట్టినోడే ఫలితం తినాల" అని తానే రసం పోసుకొని తినేవారు. మందుల జాడలు పప్పుకు తెలియవు మామా, దానికి ల్యాబు కావాలి అని నేను మొత్తుకుంటే ఒకటే మాట: "తెలీకపోనీ. ఈరోజు ఎట్ల ఉండాదో మనం రాసిపెట్టకపోతే, రేపు తవ్వేవాళ్ళు చెప్పిందే నిజమైపోతాది."

ఊరివాళ్ళ మాట వింటామని ఆ తవ్వేవాళ్ళు ఒక సమావేశం పెడితే, మామ కుక్కర్, స్టవ్వు, చిన్న సిలిండర్, చెరువు నీళ్ళ బిందె ఆటోలో వేసుకొని బయలుదేరారు. నన్నూ లాక్కెళ్ళారు. గేటు దగ్గర సెక్యూరిటీ మనిషి సిలిండర్ చూసి నవ్వాడు. "గ్యాసు వద్దనేదానికి గ్యాసుతోనే వచ్చినారా తాతా?"

"గ్యాసు వద్దని ఎవుడన్నాడు నాయనా? గ్యాసు ఉంటే సరిపోయిందా, ఉడికించేదానికి నీళ్ళు వద్దా?"

సిలిండర్ను లోపలికి రానివ్వలేదు. మామ వెనక్కి తిరగలేదు, గేటు బయటే స్టవ్వు వెలిగించారు. లోపల వాళ్ళ ఇంజనీరు ఏదో బొమ్మ చూపిస్తూ ఉండగా బయటినుంచి విజిలు, ఆపైన మామ కేక: "ఒకటీ!" రెండోదానికి హాలంతా నవ్వు. నాలుగోదానికి ఆ ఇంజనీరే బయటికొచ్చి, మామ చేతిలోంచి ఒక బద్ద తీసుకొని నలిపి, "మెత్తగానే ఉంది పెద్దాయనా" అన్నాడు. "ఇదే మాట పదేళ్ళ తరవాత కూడా చెప్పాల, సామీ" అన్నారు మామ. ఆ తవ్వకం ఇప్పటిదాకా మొదలు కాలేదు. తన పప్పు వల్లనే ఆగిందని ఆయన నమ్మకం. నేను కాదనలేదు.

మోకాళ్ళ నొప్పులు ఎక్కువయ్యాక నీళ్ళు తెచ్చే పని నా నెత్తిన పడింది. అక్కడే నేను పప్పులో కాలేశాను. ఒక అమావాస్యకు ఎండ పేలిపోతోంది, పరీక్ష పేపర్లు దిద్దాల్సినవి కుప్పలు. ఎవరికి తెలుస్తుందిలే అని నటేశన్ నగర్లో మా ఇంటి కొళాయి కింద బిందె పెట్టి, స్కూటర్ మీద తీసుకెళ్ళి ఇచ్చేశాను. నాలుగు విజిళ్ళయినా పప్పు పలుకులే. అయిదు. ఆరు. మామ బద్ద నలిపి నా మొహంలోకి చూశారు.

"అయ్యయ్యో, చెరువుకు జబ్బు చేసినట్టుందే పాపా."

నేను నేల చూశాను. ఆయన నాకే రెండు గరిటెల పప్పు వడ్డించి, దగ్గర కూర్చొని తినిపించారు. గడిలో ఆరు వేసే ఉంటారని, అటు చూడ్డానికే భయపడ్డాను. ఆ ఆరు నన్ను ఏళ్ళతరబడి పీడించింది. రేపు చెరువు నిజంగా చెడితే "ముందే చెడింది, ఇదిగో మీ మామ లెక్కే" అని చూపించడానికి ఆ తవ్వేవాళ్ళకు నేనే సాక్ష్యం చేతికిచ్చాను గదా! చెప్పేద్దామని ఎన్నోసార్లు అనుకున్నాను. ధైర్యం చాలలేదు. చెప్పకుండానే ఆయన వెళ్ళిపోయారు.

కర్మ అయిన మర్నాడు తెల్లవారకముందే లేచి చెరువుకు వెళ్ళాను. బిందె తెచ్చి అంగట్లో దించాను. అత్త బిందెలోకి తొంగిచూసింది.

"చెరువుదేనా? మీ ఇంటి కొళాయిదా?"

అత్త గోడ మేకు దగ్గరికి వెళ్ళి, దానికి తగిలించిన క్యాలెండర్లు ఒకదాని వెనక ఒకటి తిప్పి, ఆ పాత గడి మీద వేలు పెట్టింది. గడిలో అంకె లేదు. కాగితం వెనక్కి తిప్పింది. తెలుగు మాటలు, బళ్ళో నేర్చిన తమిళ అక్షరాలు, మామ పెన్సిలు: "ఈ నెల లెక్క చెల్లదు. నటేశన్ నగర్ నీళ్ళు. పాపకు ఎండ తగిలింది, ఏమీ అనగూడదు."

"నాతో గూడా చెప్పినాడు, నిన్ను అడగొద్దని. ఈరోజు అడిగితి. ఏడిస్తే ఏడువు, స్టవ్వు వెలిగించి ఏడువు" అంది అత్త.

కొత్త కుక్కర్ కాదు, ఆ మాడినదాన్నే తోమి పెట్టింది. మొదటి విజిలుకు ఇద్దరం నోరు తెరవలేకపోయాం. రెండోదానికీ అంతే. మూడోది కూయగానే అత్త గట్టిగా "మూడు!" అంది. నాలుగోది నేనన్నాను. ఆవిరి పోయాక అత్త ఒక బద్ద నలిపి, తల ఊపి, మేకుకు దారంతో వేలాడే పెన్సిలు అందుకుంది. ఆ రోజు గడిలో నాలుగు వేసింది. ఖాళీగా ఉన్న, ఆయన పోయిన అమావాస్య గడి దగ్గర ఆగింది.

"అక్కడేం రాస్తావత్తా? పప్పు మాడిపోయింది గదా."

"ఆయన చెప్పింది రాయాల. చెప్పనిది రాయగూడదు" అని, ఆ గడిలో రెండు వేసి పెన్సిలు వదిలేసింది. అది దారం కొసన చాలాసేపు ఊగుతూనే ఉంది.