నాలుగు వందల కౌంట్

ఏడో తరగతి నేను మూడేళ్లు చదివాను. ఆ తరగతి గురించి మా ఊళ్లో నాకంటే ఎక్కువ తెలిసినవాడు ఉండడు. చివరికి మాస్టారే దండం పెట్టి పంపేస్తే, వెళ్లి సాంచా దగ్గర నిలబడ్డాను. మరమగ్గాన్ని మా వైపు అలాగే అంటాం. అద్దె షెడ్డులో నాలుగింటితో మొదలుపెట్టి నలభైకి తెచ్చాను. నేసేది లంగాల గుడ్డ. ఊరూరా కట్టుకుంటారు, ఒక్కరూ పైకి చూపించరు. కనబడే సరుకు నేయాలన్న ఆశతో దుప్పట్ల కోసం ఆరు వెడల్పు సాంచాలు దించాను. ఆర్డర్ లేక అవి ఊరికే నిలబడి నన్నే చూస్తున్నాయి.

అమెరికాలో, ప్లెయిన్స్‌బరోలో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వచ్చినప్పుడు, తను నన్ను ఒక స్నేహితురాలి ఆఫీసుకు తీసుకెళ్లింది. ఇక్కడే పుట్టిన తెలుగు పిల్ల, హోటళ్లకు దుప్పట్లు సప్లై చేస్తుంది. ఆమె సరేనంటే నా సాంచాలు ఆడతాయి.

"అంకుల్, మాకు ఫోర్ హండ్రెడ్ కౌంట్ కావాలి," అంది.

పడీపడీ నవ్వాను. మాకు కౌంట్ అంటే నూలు సన్నదనం. అంకె పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. నేను చూసింది మహా అయితే అరవై.

"నాలుగు వందలా తల్లీ! అంత సన్న నూలు సాలీడు కూడా తియ్యదు. కప్పుకున్నమో లేదో తడిమి చూసుకోవాలె!"

ఆమె నవ్వలేదు. "నో అంకుల్. వన్ ఇంచ్ స్క్వేర్‌లో ఎన్ని థ్రెడ్స్ అని. నిలువు, అడ్డం రెండూ ప్లస్ చెయ్యాలి. మీరు షీట్స్ ఎప్పుడూ చెయ్యలేదా?"

మా అమ్మాయి బల్ల కింద నా కాలు తొక్కింది.

కానీ ఒకటి మనసును తొలిచింది. పడుగు, పేక కలిపి లెక్కపెడితే ఒక అంగుళంలో అన్ని పోగులు ఎలా పడతాయి?

"నీ దగ్గరున్న మంచి దుప్పటి ఒకటి చూపిస్తవా అమ్మా?"

ఆరు వందలని లేబుల్ ఉన్నది తెచ్చింది. జేబులోని భూతద్దం పెట్టి, గుండుసూదితో ఒక్కో పోగూ జరుపుతూ లెక్కపెట్టాను. మూడు వందలు. మళ్లీ లెక్కపెట్టినా మూడు వందలే. అంచు నుంచి ఒక దారం లాగి పురి విప్పితే లోపల రెండు సన్న పాయలు.

"అయితే మమ్మల్ని చీట్ చేశారా అంకుల్?" ఆమె గొంతు మారింది.

"జడేసుకున్న పిల్లకు మూడు పాయలున్నయని ముగ్గురు పిల్లలని రాసిండ్రు, అంతే."

ఆమె చాలాసేపు భూతద్దంలోంచి చూసింది. "మీరు త్రీ హండ్రెడ్ నేసి పంపండి. రియల్ త్రీ హండ్రెడ్. శాంపిల్ బాగుంటే ట్రయల్ ఆర్డర్ ఇస్తాను."

కార్‌లో నేను ఆగలేదు. "చూసినవా బిడ్డా, నా లెక్కకు ఆర్డర్ వచ్చినట్టే!"

మా అమ్మాయి రోడ్డు మీద నుంచి చూపు తిప్పలేదు.

"లెక్కకు కాదు బాపూ. లెక్కపెట్టినంతసేపు నోరు మూసుకున్నవ్ సూడు, దానికొచ్చింది."